మూడు వారాల్లో మూడు క్రెడిట్లు: ఎయిడ్ డబ్బుతో వింటర్ క్లాసు, నా రివ్యూ

న్యూజెర్సీలో ఒక కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల కోర్సులుండే కాలేజీ) నడిపే వింటర్ సెషన్ క్లాసు మీద ఈ రివ్యూ. కాలేజీ పేరు రాయను, మధ్యలో నాలుగు మాటలు అనాల్సి వస్తుంది కాబట్టి. తిరుపతిలో కూర్చుని అమెరికా కాలేజీ సంగతి నీకెందుకప్పా అంటారేమో. క్లాసు తీసుకున్నది మా అక్క కూతురు, చదివింది కొర్లగుంటలో మా ఇంట్లో, ఫీజు లెక్కలు చూసింది నేను. నాకు కేటీ రోడ్డు దగ్గర చిన్న నెట్ సెంటర్ ఉంది. జ్ఞానభూమి స్కాలర్‌షిప్పులు, ఎంట్రన్స్ అప్లికేషన్లు, పాన్ కార్డులు, అన్నీ చేస్తాం. చదువుకునే పిల్లలకు గవర్నమెంటు డబ్బు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేది చూడటమే నా పని. అక్క ఫోన్ చేసి "ఒరేయ్, నీకు ఫారాలు తెలుసు కదా, దీని కథేందో చూడు" అనగానే దిగిపోయాను.

ముందే చెప్పేస్తా. క్లాసుకు నాలుగు స్టార్లు. ఎయిడ్ ఆఫీసులో, అంటే చదువుకు వచ్చే గవర్నమెంటు సాయం చూసే ఆఫీసులో, మెయిల్‌కు జవాబిచ్చిన ఆవిడకు ఐదు. బిల్లింగ్ పోర్టల్‌కు ఒకటి, అదీ సున్నా ఇచ్చే వీలు లేదు కాబట్టి.

వింటర్ సెషన్ అంటే ఏందో తెలియని వాళ్ల కోసం: అక్కడ ఫాల్ సెమిస్టర్ డిసెంబర్ మధ్యలో అయిపోతుంది, స్ప్రింగ్ జనవరి మూడో వారానికి గానీ మొదలవదు. ఆ ఖాళీలో మూడు నాలుగు వారాల క్లాసులు పెడతారు. ఒక్క సబ్జెక్టు, మూడు క్రెడిట్లు, మహా అయితే నాలుగు. ఎక్కువగా ఆన్‌లైనే. చిన్న క్లాసు కదా, సిలబస్ తగ్గిస్తారేమో అనుకుంటే పొరపాటు, పదిహేను వారాల పాఠం మొత్తం ఉంటుంది. వాళ్ల లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటలు సొంతంగా చదువు, అలా పదిహేను వారాలు. మూడు క్రెడిట్లకు 135 గంటలు. దాన్ని మూడు వారాల్లో కుక్కితే వారానికి 45 గంటలు. ఒక ఉద్యోగం చేసినంత పని. "మామా, సెలవులకే కదా వస్తున్నా, ఖాళీగా ఉండి ఏం చేస్తా" అని స్టాటిస్టిక్స్ పెట్టుకుని వచ్చింది మా పిల్ల. వచ్చాక కొండకు పోవడానికి కూడా టైం దొరకలేదు పాపం.

ఇప్పుడు అసలు విషయం, డబ్బు.

పిల్ల అక్కడే పుట్టింది, అమెరికా సిటిజన్. కాబట్టి ఫాఫ్సా అనే ఫారం నింపితే ఫెడరల్ (అక్కడి కేంద్ర) గవర్నమెంటు ఎయిడ్ వస్తుంది. ఆ ఫారానికి పైసా ఫీజు లేదు, ఏడాదికి ఒకటే. 2025-26 ఫారం అంటే 2025 జూలై 1 నుంచి 2026 జూన్ 30 దాకా. వింటర్‌కు వేరే ఫారం ఏదీ ఉండదు, ముందు ఇది తెలుసుకోండి. ఫారం నింపాక కుటుంబ ఆదాయాన్ని బట్టి ఒక నంబరు వేస్తారు, దాన్ని బట్టి పెల్ గ్రాంట్ ఎంతో తేలుతుంది. పెల్ అంటే తిరిగి కట్టక్కర్లేని డబ్బు. 2025-26లో దాని గరిష్ఠం 7,395 డాలర్లు. బావది చిన్న ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, కాబట్టి మా పిల్లకు పూర్తి పెల్ వచ్చింది. ఫాల్‌కు సగం, స్ప్రింగ్‌కు సగం, అంటే సెమిస్టర్‌కు 3,700కు కాస్త తక్కువ.

మరి వింటర్‌కు? ఇక్కడే చాలామంది బోల్తా పడేది. వింటర్‌కంటూ విడిగా డబ్బు మూట ఏదీ లేదు. మూడు నాలుగు వారాల టర్మ్‌ను ఎయిడ్ లెక్కలో దానికదే ఒక సెమిస్టర్‌గా నిలబెట్టడం కాలేజీలకు తలనొప్పి, అందుకని ఎక్కువ కాలేజీలు దాన్ని తీసుకెళ్లి ఫాల్‌కో స్ప్రింగ్‌కో తగిలిస్తాయి. దేనికి తగిలిస్తారనేది కాలేజీ ఇష్టం. మీ పిల్లలకు డబ్బు వస్తుందా రాదా అనేది ఆ ఒక్కదాని మీద ఆధారపడి ఉంటుంది. కొత్తగా వడ్డించేదేం ఉండదు, అదే సంగటి ముద్దలోంచి ముందుగా ఒక ముక్క తుంచి ఇస్తారు.

లెక్క చూడండి. 2024-25 నుంచి పెల్‌ను ఎన్‌రోల్‌మెంట్ ఇంటెన్సిటీ అనే దాన్ని బట్టి ఇస్తున్నారు. సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తీసుకుంటే నూటికి నూరు శాతం. 9 తీసుకుంటే 75 శాతం. 3 తీసుకుంటే 25 శాతం. మా పిల్ల సాయంత్రాలు ఒక మందుల షాపులో పని చేస్తుంది, అందుకని స్ప్రింగ్‌కు 9 క్రెడిట్లే పెట్టుకుంది. వాళ్ల కాలేజీ వింటర్‌ను స్ప్రింగ్‌కు కలుపుతుంది. 9కి ఈ 3 కలిస్తే 12 అయింది, పెల్ 75 శాతం నుంచి నూరు శాతానికి పెరిగింది. పెరిగిన ఆ పాతిక శాతం విలువ 924 డాలర్లు. వింటర్ క్లాసు బిల్లు, ఫీజులన్నీ కలిపి 650 డాలర్ల దాకా, మన డబ్బుల్లో 58 వేల పైచిలుకు. క్లాసు ఖర్చు పోను ఇంకా మిగిలింది!

అదే క్లాసు, అదే కాలేజీ, పిల్ల స్నేహితురాలు ఒకమ్మాయి ఉంది. ఆమెకూ పూర్తి పెల్లే. కానీ ఆమె స్ప్రింగ్‌కు ఇప్పటికే 12 క్రెడిట్లు పెట్టుకుని ఉంది. ఆమెకు వింటర్ మీద అదనంగా వచ్చిన పెల్ సున్నా. 12 దగ్గర పెల్ నిండిపోతుంది, పైన ఎన్ని క్రెడిట్లు వేసినా చుక్క పెరగదు. ఆ అమ్మాయి 650 డాలర్లు జేబులోంచి పెట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చునే పిల్లలు, ఒకరికి కలిసొచ్చింది, ఒకరికి చేతి చమురు వదిలింది. దీన్ని ఏ బ్రోషర్‌లోనూ పెద్దక్షరాలతో రాయరు. "వింటర్ సెషన్‌కు ఫైనాన్షియల్ ఎయిడ్ అందుబాటులో ఉండవచ్చు" అని ఒక లైను పెడతారు, ఆ "ఉండవచ్చు"లో ఇంత కథ ఉంది.

ఫాల్‌కు తగిలించే కాలేజీ అయితే ఇంకో రకం. ఫాల్‌లో ఎక్కువమంది పిల్లలు 12 పెట్టుకునే ఉంటారు, ఆ డబ్బు అప్పటికే వాడేసి ఉంటారు. ఫాల్‌లో ఏదో ఒక క్లాసు డ్రాప్ చేసి 9కి దిగినవాళ్లకు మాత్రం వింటర్ పనికొస్తుంది.

లోన్ సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తా. ఫెడరల్ స్టూడెంట్ లోన్ కావాలంటే కనీసం హాఫ్ టైం, అంటే 6 క్రెడిట్లు ఉండాలి. వింటర్ ఒక్కదానికి, మూడు క్రెడిట్లకు, ఇవ్వరు. స్ప్రింగ్‌తో కలిపి 6 దాటితే అర్హత ఉంటుంది గానీ ఏడాది లిమిట్ మాత్రం పెరగదు. తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ పిల్లలకు మొదటి ఏడు 5,500, రెండో ఏడు 6,500, ఆ తర్వాత 7,500 డాలర్లు. వింటర్‌కు వాడితే స్ప్రింగ్‌కు అంత తగ్గినట్టే. మేం లోన్ జోలికి పోలేదు. మూడు వారాల క్లాసుకు పదేళ్లు కంతులు కట్టే పని నాకైతే నచ్చదు, ఇది నా సొంత అభిప్రాయం.

ఇంకొకటి. పెల్ జీవితకాలానికి ఒక హద్దు ఉంది, 600 శాతం, అంటే ఆరు పూర్తి ఏళ్లకు సరిపడా. మా పిల్ల వింటర్ కోసం వాడిన ఆ పాతిక శాతం సెమిస్టర్ లెక్క, ఏడాది లెక్కలో పన్నెండున్నర శాతం. రెండేళ్లు ఇక్కడ, తర్వాత పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అనుకుంటోంది కాబట్టి ఆమెకు ఇబ్బంది లేదు. మేజర్లు (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టులు) మార్చుకుంటూ సాగదీసే పిల్లలైతే ఈ మీటర్ మీద ఒక కన్నేసి ఉంచాలి.

ఇక బిల్లింగ్ పోర్టల్. ఒక్క స్టార్ ఎందుకో చెప్తాను.

పిల్ల నవంబర్ మొదట్లోనే రిజిస్టర్ చేసుకుంది. వింటర్ బిల్లు వెంటనే కట్టాలి. ఎయిడ్ డబ్బు మాత్రం స్ప్రింగ్ మొదలై, ఎవరు ఏ క్లాసులో ఉన్నారో లెక్క తేలాక, అంటే జనవరి చివర గానీ పడదు. మధ్యలో రెండు నెలల పైన గ్యాప్. పోర్టల్‌లో చూస్తే పెండింగ్ ఎయిడ్ దగ్గర సున్నా. స్ప్రింగ్ ట్యాబ్‌లో మూడు వేల చిల్లర కనబడుతోంది, వింటర్ ట్యాబ్‌లో సున్నా! వాయిదాల్లో కట్టే ప్లాన్ ఫాల్‌కు ఉంది, స్ప్రింగ్‌కు ఉంది, వింటర్‌కు లేదు. డబ్బు కట్టలేదని సిస్టం దానంతటదే పిల్లను క్లాసులోంచి తీసేసింది. ఆ కబురు కాలేజీ మెయిల్‌కు మాత్రమే వచ్చింది, ఫోన్‌కు మెసేజ్ లేదు, ఏమీ లేదు. నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఊరికే మెయిల్ తెరిచి చూస్తే తెలిసింది. అదృష్టం, సీట్లు ఇంకా మిగిలున్నాయి. అక్క తన క్రెడిట్ కార్డు మీద కట్టింది, దానికి కార్డు చార్జీ అదనం. మన దగ్గర జ్ఞానభూమి సర్వర్‌ను నేను రోజూ తిట్టుకుంటాను గానీ, ఫీజు రాలేదని పిల్లను రాత్రికి రాత్రి మిషన్ తీసేసే పని అది చేయదు. మన కాలేజీలవాళ్లు హాల్ టికెట్ ఆపి ఏడిపిస్తారు, అది వేరే పద్ధతి.

అప్పుడు పిల్లతో ఎయిడ్ ఆఫీసుకు మెయిల్ పెట్టించాను. వంకరటింకరగా అడగొద్దు, ఒకే ప్రశ్న అడుగు అన్నాను: నా వింటర్ క్రెడిట్లు ఎయిడ్ లెక్కలో ఏ సెమిస్టర్‌కు కలుస్తాయి, కలిశాక నా పెల్ ఎంత అవుతుంది? రెండ్రోజుల్లో జవాబు వచ్చింది. స్ప్రింగ్‌కు కలుస్తాయి, 12 అవుతాయి, ఇంత పెరుగుతుంది, ఇప్పుడు మీరు కట్టింది ఎయిడ్ పడ్డాక వాపసు రూపంలో మీ ఖాతాలో వేస్తాం, అని అంకెలతో సహా. దాని కింద ఇంకో మాట కూడా రాసిందావిడ, ఎవరూ అడక్కుండానే: క్లాసు మొదటి రోజుల్లో ఊరికే లాగిన్ అయితే హాజరు కింద లెక్క కాదు, ఏదైనా క్విజ్ రాయాలి, లేదా డిస్కషన్‌లో పోస్టు పెట్టాలి, లేకపోతే ఆ క్రెడిట్లు ఎయిడ్‌కు లెక్కపెట్టం అని. ఈ ఒక్క వాక్యానికే ఐదు స్టార్లు. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా ఆఫీసు మూసి ఉంటుంది, కాబట్టి ఏం అడగాలన్నా డిసెంబర్ మొదట్లోనే అడిగేయాలి. క్లాసు మొదలయ్యాక అడుగుదాంలే అనుకుంటే అక్కడ ఫోన్ ఎత్తే నాథుడు ఉండడు.

క్లాసు ఎలా ఉంది అంటే, బాగుంది, కానీ మనిషిని పిండేస్తుంది. పాఠాలు రికార్డు చేసి పెట్టేస్తారు, మన వీలును బట్టి చూసుకోవచ్చు. క్విజ్‌లు మాత్రం ఇంచుమించు రోజూ. గడువు రాత్రి 11:59, వాళ్ల టైం. చలికాలంలో వాళ్లకూ మనకూ పదిన్నర గంటల తేడా, అంటే మనకు మరుసటి రోజు పొద్దున 10:29. తిరుపతిలో పొద్దున పది అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ ఉంది గానీ రౌటర్‌కు కనెక్షన్ ఇవ్వలేదు. కరెంటు పోయిన రోజు పిల్ల లాప్‌టాప్ చంకన పెట్టుకుని స్కూటీ మీద నా షాపుకు వచ్చేసేది, అక్కడ యూపీఎస్ ఉంది. వైకుంఠ ఏకాదశి 2025లో డిసెంబర్ 30న పడింది, ఆ రోజు రోడ్లన్నీ బారికేడ్లు, జనం. కొర్లగుంట నుంచి షాపుకు చేరేసరికి పది దాటింది. నా కౌంటర్ పక్కన ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని ప్రామాణిక విచలనం లెక్క చేస్తోంది, అదే స్టాండర్డ్ డీవియేషన్. ఇటువైపు ఒకాయన టోకెన్లు ఇంకా ఇస్తున్నారా అని అడుగుతున్నాడు, అటువైపు డిగ్రీ పిల్లోడు వేలిముద్ర పడటం లేదని చెయ్యి చొక్కాకు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెడుతున్నాడు. 10:27కు సబ్మిట్ కొట్టింది. ఆ పిల్లోడి వేలిముద్ర అప్పటికీ పడలేదు.

టీచరు మంచివాడు. వారానికి రెండుసార్లు సాయంత్రం ఏడు గంటలకు లైవ్‌లో కూర్చుని డౌట్లు చెప్తాడు, మనకు తెల్లవారి ఐదున్నర. ధనుర్మాసం కదా, ఆ టైంకు మా వీధి రామాలయం మైకులో తిరుప్పావై మొదలవుతుంది. పిల్ల మ్యూట్ తీసి ప్రశ్న అడిగిందో లేదో ఆయన "ఎవరిదో సంగీతం బాగుంది, ఎక్కడి నుంచి?" అన్నాడట. తిరుపతి అంటే ఏందో చెప్పేసరికి డౌట్ల టైంలో ఐదు నిమిషాలు పోయింది. ఫైనల్ పరీక్షకు మాత్రం కెమెరా నిఘా, గది మొత్తం తిప్పి చూపించాలి, మనుషుల గొంతు వినబడకూడదు. మా ఆవిడ ఆ గంటన్నరా కుక్కర్ పెట్టలేదు, పాలవాడికి గేటు దగ్గరే సైగ చేసింది.

పుస్తకం ఖర్చు మర్చిపోవద్దు. కాగితం పుస్తకం కొనే పని లేదు, ఒక కోడ్ కొనాలి, అది ఉంటేనే హోంవర్క్ తెరుచుకుంటుంది. పాత పుస్తకం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుందాం అంటే కుదరదు. వంద డాలర్ల పైన పడింది. ఎయిడ్ తర్వాతెప్పుడో వస్తుంది, కోడ్ మొదటి రోజే కావాలి, కాబట్టి అదీ చేతి డబ్బే. ఎలాగూ పెల్‌లో మిగిలింది కదా అని సర్దుకున్నాం.

ఎవరు తీసుకోవద్దు అంటే, లెక్కలంటే వణికేవాళ్లు స్టాటిస్టిక్స్ లాంటివి వింటర్‌లో పెట్టుకోవద్దు. మా పిల్ల ఇంటర్మీడియట్ స్థాయి లెక్కల్లో గట్టిది, అయినా రెండో వారంలో టెన్షన్‌తో తిండి మానేసింది. క్లాసు వదిలేసి ఫీజు వాపసు తీసుకునే గడువు కూడా క్లాసు పొడుగును బట్టే ఉంటుంది, మామూలు సెమిస్టర్‌లో వారం పైన ఇస్తే ఇక్కడ రెండో రోజో మూడో రోజో అయిపోతుంది. ఆ తర్వాత మానేస్తే ఫీజు పోతుంది, క్రెడిట్లు తగ్గి పెల్ కూడా మళ్లీ లెక్కేసే ప్రమాదం ఉంది. ఫెయిలైతే ఇంకో దెబ్బ. ఎయిడ్ కొనసాగాలంటే తీసుకున్న క్రెడిట్లలో మూడింట రెండు వంతులు పాస్ కావాలి, జీపీఏ (గ్రేడుల సగటు) 2.0 ఉండాలి అని చాలా కాలేజీల్లో రూలు, మధ్యలో వదిలేసిన క్లాసు కూడా తీసుకున్న లెక్కలోకే వస్తుంది. ఎలాగూ మూడు వారాలే కదా అని చూసి దూకేవాళ్లు ఎక్కువ, అందుకే చెప్తున్నా. స్పీచ్ క్లాసు, సోషియాలజీ లాంటివైతే పర్వాలేదని పిల్ల అంటోంది, నేను చూడలేదు.

మన పిల్లల సంగతి అడుగుతున్నారు షాపులో. మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో ఇలాంటి బేరానికి తావే లేదు. రెగ్యులర్ కోర్సు, 75 శాతం హాజరు, రెండున్నర లక్షల లోపు ఆదాయం, అంతే, పొట్టి కోర్సులకు దాంట్లోంచి రూపాయి రాదు. వసతి దీవెన నడిచిన రోజుల్లో డిగ్రీ పిల్లలకు ఏడాదికి 20 వేలు తల్లి ఖాతాలో పడేది, దాంట్లోంచి కొందరు కంప్యూటర్ కోర్సులకు కట్టుకున్నారు, అది మాత్రం నేను కళ్లారా చూశాను. మనవాళ్లకు ఇలాంటిది ఏదైనా చేయాలనుంటే ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలవాళ్ల ఆన్‌లైన్ కోర్సులు) ఉంది, జనవరిలో మొదలయ్యే బ్యాచ్, నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు. చదవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు వెయ్యి రూపాయలు. మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. మీ కాలేజీ క్రెడిట్లు ఒప్పుకుంటుందో లేదో ముందే హెచ్‌వోడీని అడగండి. వెయ్యి రూపాయలకు ఇంతకన్నా మంచి సరుకు నాకు తెలియదు.

అమెరికా వైపు వస్తే, ఈ వింటర్ పుణ్యమా అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎఫ్-1 (స్టూడెంట్) వీసా పిల్లల తల్లిదండ్రులే. వాళ్లకు ఒకటే మాట: పైన చెప్పిన పెల్, ఫెడరల్ లోన్, ఏదీ మీకు రాదు. సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థుల్లాంటి కొద్దిమంది తప్ప ఎవరికీ రాదు. హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసా ఆధారంగా ఉన్న పిల్లలకూ రాదు. ఊళ్లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఐదు వేలు తీసుకుని ఫాఫ్సా నింపిస్తామన్నారని ఒకాయన చెప్పాడు. ఉచిత ఫారానికి ఐదు వేలు ఒక ఎత్తు, అర్హత లేకుండా ఉందని సంతకం పెడితే పిల్లోడి వీసాకే చేటు అనేది ఇంకో ఎత్తు. అస్సలు పెట్టొద్దు అన్నాను. 2026 జూలై నుంచి పొట్టి కోర్సులకూ పెల్ ఇస్తారట కదా అని ఇంకొకరు అడిగారు. ఆ వర్క్‌ఫోర్స్ పెల్ ఎనిమిది వారాలకు తగ్గని ఉద్యోగ శిక్షణ ప్రోగ్రాములకు, మూడు వారాల వింటర్ క్లాసుకు కాదు, పైగా అదీ ఎఫ్-1 వాళ్లకు వర్తించదు.

ఎఫ్-1 పిల్లలకు మిగిలేది కాలేజీ సొంతంగా ఇచ్చే స్కాలర్‌షిప్పు, లేదా ఇక్కడి బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్. మొన్న చిత్తూరు నుంచి ఒకాయన వచ్చాడు, వాళ్లబ్బాయి అక్కడ బీఎస్ రెండో ఏడు. వింటర్ క్లాసుకు లోన్‌లోంచి డబ్బు పంపమంటే బ్యాంకులో కుదరదన్నారట. శాంక్షన్ లెటర్ తీసి చూశాం. సెమిస్టర్ వారీగా ఫాల్, స్ప్రింగ్ అని రాసుంది, వింటర్ అనే గడే లేదు. పిల్లోడు పంపింది ఫోన్ స్క్రీన్‌షాట్, దాన్ని చూసి ఏ మేనేజరూ విదేశాలకు డబ్బు పంపడు. కాలేజీ వాళ్ల దగ్గర పేరు, స్టూడెంట్ ఐడీ, టర్మ్, మొత్తం, బ్యాంకు వివరాలున్న ఇన్వాయిస్ పీడీఎఫ్ తెప్పించమని చెప్పాను. టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుందని ఆయన భయం, 2025 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ మీద పంపే డబ్బుకు అది లేదు. ఇన్వాయిస్ కోసం చూస్తూ పిల్లోడి ఫీజు పట్టిక మొత్తం చదివితే ఇంకో సంగతి బయటపడింది. వాళ్ల కాలేజీలో స్ప్రింగ్‌కు 12 నుంచి 18 క్రెడిట్ల దాకా ఒకటే ఫీజు. వాడు పెట్టుకున్నది 12. అదే సబ్జెక్టు స్ప్రింగ్‌లోనూ ఉంది, పెట్టుకుంటే 15 అవుతుంది, అదనంగా కట్టాల్సింది ఏమీ లేదు. పిల్లోడికి అక్కడ అర్ధరాత్రి, అయినా వాళ్ల నాయన నా షాపులోంచే ఫోన్ కొట్టి లేపాడు. వాడు అప్పటికప్పుడు వింటర్ తీసేసి స్ప్రింగ్‌లో కలుపుకున్నాడు. ఆయన దగ్గర నేను తీసుకున్నది ప్రింటవుట్ల డబ్బులు ఇరవై రూపాయలు.